తప్పు ఎవరిదో తేలాలి

పాంగ్ ఆటలో బంతి అటూ ఇటూ పోతోంది. మీట నొక్కినప్పుడల్లా బ్యాట్లు పైకీ కిందికీ జరుగుతున్నాయి. బంతి గీత దాటగానే కొత్త బంతి వస్తోంది. స్కోరు మాత్రం ఎన్ని బంతులు పోయినా సున్నా, సున్నా దగ్గరే నిలబడిపోయింది. నేను రాసిన మొదటి ఎమ్యులేటర్ మీద నడిచిన మొదటి ఆట అది. తెర మీద బంతి కదిలిన రాత్రి ఆనందంతో నిద్ర పట్టలేదు. ఆ తరవాత రెండు రాత్రులు ఆ రెండు సున్నాలు నిద్ర పోనివ్వలేదు.

ఎమ్యులేటర్ అంటే ఒక యంత్రంలా ప్రవర్తించే ప్రోగ్రామ్. పాత ఆటపెట్టె ఇప్పుడు దొరకదు, దొరికినా పనిచేస్తుందన్న నమ్మకం లేదు. దాని కోసం రాసిన ఆట మాత్రం ఫైలు రూపంలో మిగిలి ఉంది. ఆ ఫైలులోని ఆదేశాలను ఒక్కొక్కటే చదివి, పాత ప్రాసెసర్ ఏం చేసేదో అదే పనిని ఇవాళ్టి కంప్యూటర్ చేత చేయించాలి. ఈ విద్య నేర్చుకునేవాళ్లు చాలామంది చిప్-8తో మొదలుపెడతారు. పేరులో చిప్ ఉన్నా అది చిప్ కాదు. 1977లో ఆర్‌సీఏ కంపెనీ తెచ్చిన కాస్మాక్ వీఐపీ అనే చిన్న కంప్యూటర్ కోసం జోసెఫ్ వైస్‌బెకర్ తయారుచేసిన బుల్లి భాష. 4,096 బైట్ల మెమరీ, 16 రిజిస్టర్లు, 35 ఆదేశాలు, ఒక్కో ఆదేశానికి రెండు బైట్లు. ఒక శని, ఆదివారాల్లో తేలిపోయే పని.

ఆ 35లో నేను 33 రాశాను. ఒకటి తెలిసే వదిలేశాను, దాని సంగతి తరవాత చెబుతాను. ఇంకొకటి నా కంట పడకుండా తప్పిపోయింది. ఆ తప్పినదాని పేరు ఎఫ్‌ఎక్స్33 (ఎక్స్ ఉన్నచోట రిజిస్టర్ గుర్తు వస్తుంది). రిజిస్టర్‌లో ఉన్న సంఖ్యను వందలు, పదులు, ఒకట్లుగా విడదీసి మెమరీలో వరసగా మూడు చోట్ల పెట్టడం దాని పని. 137 ఉంటే 1, 3, 7 అని పెడుతుంది. పాంగ్ రాసినవాళ్లు దీన్ని ఎంత ముచ్చటగా వాడుకున్నారో చూడండి. ఇద్దరి స్కోరూ ఒకే రిజిస్టర్‌లో ఉంటుంది. ఎడమవైపు ఆటగాడు గెలిస్తే దానికి 10 కలుస్తుంది, కుడివైపు ఆటగాడు గెలిస్తే 1 కలుస్తుంది. 23 ఉందంటే ఎడమవాడికి 2, కుడివాడికి 3 అన్నమాట. దాన్ని విడదీసి పదుల అంకెను ఎడమన, ఒకట్ల అంకెను కుడిన గీస్తారు. నా ఎమ్యులేటర్‌లో విడదీసే ఆదేశమే లేదు కాబట్టి మెమరీలో ఆ మూడు చోట్లా మొదటినుంచీ ఉన్న సున్నాలే ఉండిపోయాయి. లోపల రిజిస్టర్‌లో స్కోరు నిక్షేపంగా పెరుగుతోంది. తెర మీదికి వచ్చే దారి మూసుకుపోయింది.

ఒక ఆదేశం మరిచిపోవడం ఎవరికైనా జరిగేదే. నన్ను రెండు రాత్రులు తిప్పింది మాత్రం ఆదేశాల వరసకు చివర నేను చేత్తో రాసిన ఒక్క వాక్యం: తెలియని ఆదేశం వస్తే ఏమీ చేయకుండా తరవాతి దానికి వెళ్లు. ఆట మధ్యలో ఆగిపోకూడదని అలా రాశాను. దాని బదులు, తెలియని ఆదేశం ఎఫ్‌ఈ33 వచ్చింది, ఫలానా చిరునామాలో ఉంది అని చెప్పి అక్కడికక్కడే ఆగిపొమ్మని రాసి ఉంటే రెండు నిమిషాల్లో పట్టుబడేది.

అయితే తప్పు కనిపించిన ప్రతిచోటా ఆగిపోవాలా? ఎమ్యులేటర్లు రాసేవాళ్ల మధ్య ఈ వాదన పాతదే. ప్రతి తప్పునూ పట్టుకుని పైకి పంపాలని కొందరంటారు. అసలు యంత్రం ఏ తప్పుకూ ఆగేది కాదు కదా, మనమెందుకు ఆగాలని మరికొందరంటారు. ఇద్దరిలోనూ న్యాయం ఉంది, ఎందుకంటే ఇద్దరూ మాట్లాడుతున్నది వేరు వేరు తప్పుల గురించి. ఆట రాసినవాళ్ల తప్పు ఒకటి. పాత చిప్‌లోనే ఉన్న తప్పు ఇంకొకటి. ఎమ్యులేటర్ రాసిన నా తప్పు వేరొకటి. మూడింటికీ ఒకే మందు వేస్తే పాంగ్ స్కోరులాంటి రోగాలు వస్తాయి.

ఆట చేసే తప్పును దగ్గరగా చూద్దాం. 1983లో జపాన్‌లో ఫామికామ్ పేరుతో వచ్చి, బయటి దేశాల్లో ఎన్‌ఈఎస్ అయిన నింటెండో పెట్టెను తీసుకుంటాను. తొంభైల్లో మన ఇళ్లలో టీవీకి తగిలించుకుని, పసుపుపచ్చ క్యాసెట్ గుచ్చి మారియో, కాంట్రా ఆడిన పెట్టెలు దాని నకళ్లే. అందులో ఉన్నది 6502 జాతి ప్రాసెసర్. సెకనుకు దాదాపు 17.9 లక్షల టిక్కులు, ప్రతి టిక్కుకూ ఒక బైటు చదవడమో రాయడమో జరుగుతుంది. ఇప్పుడు ఆట పొరపాటున 5000 అనే చిరునామా నుంచి ఒక బైటు అడిగిందనుకోండి (చిరునామాలనూ ఆదేశాల బైట్లనూ హెక్స్‌లో, అంటే పదహారు అంకెల లెక్కలో, చెబుతున్నాను). మామూలు క్యాసెట్‌లో ఆ చిరునామాలో ఏమీ ఉండదు. మెమరీ లేదు, చిప్ లేదు. వెబ్‌సైట్లు, బ్యాంకు ప్రోగ్రాములు రాసి వచ్చినవాళ్ల చెయ్యి వెంటనే ‘ఎర్రర్’ అని రాయబోతుంది.

అసలు యంత్రంలో ఏం జరుగుతుందంటే, ప్రాసెసర్‌కూ మెమరీకీ మధ్య ఎనిమిది తీగలున్నాయి. దాన్నే డేటా బస్ అంటారు. ప్రతి తీగ మీదా ఎప్పుడూ ఏదో ఒక వోల్టేజి ఉంటుంది, దాన్ని ప్రాసెసర్ ఒకటి అనో సున్నా అనో చదువుతుంది. ‘ఇక్కడ ఎవరూ లేరు’ అని చెప్పడానికి తొమ్మిదో తీగ లేదు. ఎవరూ జవాబు ఇవ్వకపోతే అంతకుముందు ఆ తీగల మీద ఉన్న వోల్టేజి ఇంకా చల్లారదు కాబట్టి అదే చదవబడుతుంది. దీన్ని ఓపెన్ బస్ అంటారు. 5000 నుంచి చదవమనే ఆదేశం మెమరీలో మూడు బైట్లు: ఏడీ, 00, 50. చిరునామాలో కింది సగం ముందు, పై సగం తరవాత వస్తుంది. ప్రాసెసర్ ఆ మూడింటినీ వరసగా తెచ్చుకుంటుంది. ఆఖరుగా బస్ మీదికి వచ్చింది 50. వెంటనే 5000లోకి చూస్తుంది, అక్కడ ఎవరూ లేరు, తీగల మీద 50 ఇంకా ఉంది. జవాబు 50! ఖాళీ ఇంటి తలుపు తడితే మన పిలుపే ప్రతిధ్వనించినట్టు.

అందుకే ఎమ్యులేటర్‌లో మెమరీ చదివే ఫంక్షన్ ‘బైటు లేదా ఎర్రర్’ అని ఇవ్వకూడదని నేను గట్టిగా నమ్ముతాను. అది ఎప్పుడూ ఒక బైటే ఇవ్వాలి. ఎర్రర్ అన్న మాట ఆ యంత్రంలోనే లేదు. ఇది సోమరితనం కాదు, ఖాళీ చిరునామాకు సున్నా ఇచ్చి చేతులు దులుపుకోవడం అంతకన్నా కాదు. చివరి బైటును గుర్తు పెట్టుకుని సరిగ్గా అదే ఇవ్వాలి.

సరైన బైటు ఇవ్వకపోతే ఏమవుతుందో సూపర్ నింటెండో ఆట ‘స్పీడీ గొంజాలెస్’ చూపించింది. అందులో 6-1 దశలో ఒక మీట నొక్కితే ఎమ్యులేటర్లలో ఆట కొయ్యబారిపోయేది, అసలు పెట్టె మీద మాత్రం బాగానే సాగేది. ఆట రాసినవాళ్ల పొరపాటు వల్ల ప్రోగ్రామ్ ఎవరూ లేని చిరునామాను మళ్లీ మళ్లీ చదువుతూ, విలువ మారే దాకా అక్కడే తిరుగుతోంది. అసలు యంత్రంలో తెర గీసే పనికోసం మధ్య మధ్య బస్‌ను వాడుకునే మరో భాగం ఉంది. అది సరిగ్గా రెండు చదువుల సందులో దూరినప్పుడు తీగల మీద వేరే విలువ మిగిలి, లూప్ తెగిపోయేది. అంటే ఆ తప్పు ఎవరి కంటా పడకుండా కాచింది ఆ తీగలే. బీఎస్‌నెస్ ఎమ్యులేటర్ రాసిన బ్యూ అనే మారుపేరు గల ప్రోగ్రామర్ ఈ ముడి విప్పి 2011లో రాసిన వ్యాసంలో వివరించాడు. యంత్రాన్ని టిక్కు టిక్కుకూ అనుకరిస్తే తప్ప ఆ ఆట పూర్తి కాదని తేలింది.

తెలియని ఆదేశాల కథా ఇలాంటిదే. 6502 ఆదేశానికి మొదటి బైటు 256 రకాలుగా ఉండవచ్చు. తయారీదారు పుస్తకంలో చెప్పినవి 151. మిగిలిన 105 వస్తే చిప్ ‘తెలియదు’ అనదు. బైటులోని ఒక్కో బిట్టు చిప్ లోపల కొన్ని తీగలను లేపుతుంది. పుస్తకంలో లేని బైటు రెండు ఆదేశాల తీగలను ఒకేసారి లేపవచ్చు, అప్పుడు రెండు పనులూ కలిసి జరుగుతాయి. కొన్ని ఏ పనీ చేయకుండా కాలం గడుపుతాయి. కొన్ని ప్రాసెసర్‌ను బిగుసుకుపోయేలా చేస్తాయి. అంగట్లో అమ్మిన ఆటల్లోనే వీటిని వాడినవి ఉన్నాయి. ‘పజ్నిక్’లో 89 అనే ఏ పనీ చేయని ఆదేశం ఉంది. ‘సూపర్ కార్స్’లో ఒకేసారి రెండు రిజిస్టర్లు నింపే బీ3 ఉంది. తెలియని ఆదేశం రాగానే ఆగిపోయే ఎమ్యులేటర్ మీద ఈ ఆటలు నడవవు. అన్నింటినీ ఊరికే వదిలేసే ఎమ్యులేటర్ మీద పజ్నిక్ నడిచే అవకాశం ఉంది, అదీ ఆ ఆదేశం ఎన్ని బైట్ల పొడవో సరిగ్గా లెక్కపెడితేనే. సూపర్ కార్స్ మాత్రం చెడిపోతుంది.

1989 నాటి గేమ్ బాయ్‌లో ఇంకో రకం పరిస్థితి. దాని ప్రాసెసర్‌లో అర్థం లేని ఆదేశాలు 11 ఉన్నాయి. వాటిలో ఏది వచ్చినా ప్రాసెసర్ అక్కడే బిగుసుకుపోతుంది. కరెంటు ఆపి మళ్లీ వెయ్యాల్సిందే. అందుకని ఎమ్యులేటర్‌లోనూ ఆట బిగుసుకుపోవడమే సరైన ప్రవర్తన. కానీ బిగుసుకుపోవాల్సింది గేమ్ బాయ్, ఎమ్యులేటర్ కాదు. కిటికీ జరగాలి, మెనూ తెరుచుకోవాలి, రీసెట్ పనిచేయాలి. ఈ తేడాను మొదటిసారి రాసేవాళ్లు చాలామంది పట్టించుకోరు, ఆటతో పాటు ప్రోగ్రామ్‌నూ కూల్చేస్తారు.

తప్పును తప్పుగా చూపించే పాత యంత్రాలూ ఉన్నాయి. 1979లో వచ్చిన మోటరోలా 68000 ప్రాసెసర్, సెగా మెగా డ్రైవ్‌లోనూ అమీగా కంప్యూటర్‌లోనూ ఉన్నది, రెండు బైట్ల పదాన్ని బేసి చిరునామా నుంచి చదవమంటే ఒప్పుకోదు. పని ఆపేసి, మెమరీ మొదట్లో ఉన్న పట్టికలో 3వ గడిలోకి చూసి, అక్కడ రాసి ఉన్న చిరునామాకు దూకుతుంది. 4వ గడి అర్థం లేని ఆదేశాలకు. ఇక్కడ ఎర్రర్ అనేది యంత్రంలో భాగం. ఎమ్యులేటర్ దాన్ని మింగేయకూడదు, తెర మీద సందేశం పెట్టి తాను ఆగిపోకూడదు. ఆ గడిలోని చిరునామాకు దూకాలి, ఆ తరవాత ఏం చేయాలో ఆట చూసుకుంటుంది.

యంత్రం నియమాన్ని ఎమ్యులేటర్ మింగేస్తే నష్టపోయేది మంచి మనసుతో పనిచేసేవాళ్లు. సూపర్ నింటెండో తెర గీస్తున్నంతసేపూ దాని వీడియో మెమరీలోకి ఏం రాసినా చేరదు. ఆ రాతను పెట్టె పట్టించుకోదు. జడ్‌స్నెస్ అనే పాత ఎమ్యులేటర్ ఈ నియమాన్ని పాటించలేదు, ఎప్పుడు రాసినా ఒప్పుకునేది. జపనీస్ ఆటలను ఇంగ్లీషులోకి తెచ్చే అభిమానులు కొందరు తమ పనిని దాని మీదే పరీక్షించుకున్నారు. అక్కడ అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. అసలు పెట్టె మీద పెడితే అక్షరాలు చెదిరిపోయాయి. ఎన్నో రాత్రుల శ్రమ ఒక్క ఎమ్యులేటర్‌కే అంకితమైపోయింది. ఇక్కడ ‘పట్టించుకోకపోవడం’ అసలు యంత్రం గుణం, ఎమ్యులేటర్ దాన్ని పట్టించుకోవాల్సింది.

చిప్‌లోని తప్పుల గురించి ఎక్కువ వాదన అక్కర్లేదు, వాటిని ఉన్నవి ఉన్నట్టు దించాలి. 6502లో 10ఎఫ్‌ఎఫ్ దగ్గర రాసి ఉన్న చిరునామాకు దూకమంటే రెండో బైటును 1100 నుంచి తేవాల్సింది పోయి 1000 నుంచి తెస్తుంది. సరిదిద్దితే అది 6502 కాదు. మన నకలు పెట్టెల్లో కొన్నింటి చిప్‌లలో శబ్దం పుట్టించే భాగంలో రెండు సెట్టింగులు తారుమారై ఉండేవి, అందువల్ల కొన్ని పాటల గొంతు మారిపోయేది. అసలు ఎన్‌ఈఎస్ శబ్దం విన్నప్పుడు ‘మా ఇంట్లో ఇలా ఉండేది కాదే’ అని కొందరికి అనిపించేది అందుకే. ఆ నకలు పెట్టెనే అనుకరించాలంటే ఆ తారుమారు కూడా కావాలి. 1985 నాటి సూపర్ మారియోలో గోడలోంచి దూరి గొట్టంలోకి దిగితే వచ్చే ‘మైనస్ లోకం’ కూడా ఇలా కాపాడుకోవాల్సిందే. గొట్టం గమ్యం ఇంకా సిద్ధం కాకముందే దిగితే ఆట తప్పు విలువ తీసుకుని 36వ లోకానికి వెళ్తుంది. 36వ బొమ్మ ఖాళీ గడి కావడంతో తెర మీద ‘-1’ మాత్రమే కనిపిస్తుంది. ఎక్కడైనా ఎమ్యులేటర్ తెలివిగా ‘ఇలాంటి లోకం లేదు’ అని అడ్డుపడితే ఆ లోకం మాయమవుతుంది.

ఇంతవరకూ చెప్పింది విని, అయితే హద్దులు చూసుకోనక్కర్లేదన్నమాట అనుకుంటే ప్రమాదం. పాత యంత్రంలో తప్పు చేస్తే పోయేది ఆ యంత్రమే. ఎమ్యులేటర్‌లో తప్పు చేస్తే పోయేది దాన్ని నడిపే కంప్యూటర్.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ వెనమ్ అనే భద్రతా లోపం. క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌ను ఫాబ్రిస్ బెల్లార్డ్ 2003లో మొదలుపెట్టాడు. ఇవాళ ఒకే సర్వర్ మీద ఎందరో ఖాతాదారుల కంప్యూటర్లను విడివిడిగా నడిపే క్లౌడ్ వ్యవస్థల్లో దాని భాగాలు విస్తారంగా ఉన్నాయి. ఆ భాగాల్లో ఒకటి ఫ్లాపీ డిస్కు కంట్రోలర్. ఫ్లాపీలు పోయాయి, దాని అనుకరణ మాత్రం అలాగే ఉండిపోయింది. లోపలి ప్రోగ్రామ్ పంపే ఆదేశాలను, వాటి వివరాలను దాచుకోవడానికి అందులో 512 బైట్ల అర ఉంది. ఆదేశం పూర్తయ్యాక లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు కావాలి. కొన్ని ఆదేశాల విషయంలో అలా జరగలేదు. బైట్లు పంపుతూ పోతే లెక్క 512 దాటి, పక్కన ఉన్న ఎమ్యులేటర్ సొంత మెమరీ మీద రాసేది. ఒక ఖాతాదారు తన గదిలోంచి గోడ పగలగొట్టి మొత్తం సర్వర్‌లోకి వచ్చే వీలుండేది. 2004 నుంచి ఉన్న ఆ లోపాన్ని 2015 మే నెలలో క్రౌడ్‌స్ట్రైక్ సంస్థకు చెందిన జేసన్ గెఫ్నర్ బయటపెట్టాడు.

దాని సవరణ చూస్తే ఎమ్యులేటర్ రాసేవాళ్లకు కళ్లు చెమ్మగిల్లుతాయి, అంత చిన్నది. లెక్కను 512తో భాగించి శేషం తీసుకోవడం. 511 తరవాత మళ్లీ 0. నిజమైన చిప్‌లో హద్దు దాటడమే కుదరదు. 512 గదులకు తొమ్మిది చిరునామా తీగలుంటాయి, తొమ్మిది తీగలతో 511 కంటే పెద్ద సంఖ్య రాయడానికి చోటు లేదు. హద్దును తీగలే కాపాడేవి. సాఫ్ట్‌వేర్‌లో తీగలు లేవు కాబట్టి ఆ కాపలా మనమే రాయాలి. చిప్-8లోనూ ఇంతే, మెమరీలోకి వెళ్లే ప్రతి చిరునామాలోనూ కింది 12 బిట్లు మాత్రమే ఉంచి మిగిలినవి చెరిపేస్తే అది 4,096 బైట్లు దాటదు. ఇందుకు ఖర్చయ్యేది ఒక్క కూడిక పాటి సమయం. వేగం కోసం దీన్ని వదిలేస్తామనేవాళ్లతో నేను ఏకీభవించను.

ఇక మిగిలింది నా తప్పు, అంటే నేను ఇంకా రాయని ఆదేశం, నేను ఊహించని స్థితి. దీనికి ఒకటే దారి, గట్టిగా అరిచి ఆగడం. పంచుకునే సర్వర్ మీద నడిచే ఎమ్యులేటర్ అయితే ఆగడానికి వీల్లేదు, అక్కడ లోపలివాళ్లు కావాలని తప్పు చేసి అందరి పనీ ఆపగలరు, అప్పుడు లాగ్ అనే చిట్టాలో రాసి సాగాలి. క్యూఈఎంయూలో లాగ్‌కు రెండు వేరు వేరు గుర్తులున్నాయి: లోపలి ప్రోగ్రామ్ చేసిన తప్పుకు ఒకటి, ఎమ్యులేటర్‌లో ఇంకా రాయని భాగానికి ఇంకొకటి. ఆ విభజన నాకు చాలా నచ్చింది, ఎందుకంటే లాగ్‌లో వరస కనిపించగానే ఎవరిని పట్టుకోవాలో తెలుస్తుంది. 1997 నుంచి ఉన్న మేమ్ అనే ఎమ్యులేటర్‌లో ఇంకో మంచి అలవాటుంది. ఎవరూ లేని చిరునామాలోకి ఆట రాస్తే లాగ్‌లో వస్తుంది. ఆ రాతకు అర్థం లేదని పరిశీలించి తేల్చుకున్నాక, ఈ చిరునామాను వదిలెయ్ అని చిరునామాల పట్టికలో పేరుపెట్టి రాస్తారు. వదిలేయడమే, కానీ చూసి, సంతకం పెట్టి వదిలేయడం.

ఫైలు తప్పుల సంగతి వేరు. ఎన్‌ఈఎస్ ఆట ఫైలుకు మొదట 16 బైట్ల శీర్షిక ఉంటుంది. అది లేకపోతే ఆ ఫైలు ఎన్‌ఈఎస్ ఆట కాదని ఆడేవాళ్లకు మామూలు మాటల్లో చెప్పాలి, అంతే.

ఎఫ్‌ఎక్స్33 రాసిన సాయంత్రం పాంగ్ తెర మీద మొదటిసారి 1 పడింది. వెంటనే ఆ ‘వదిలెయ్’ వాక్యాన్ని తీసేసి ఆగిపొమ్మని రాశాను. దాచుకున్న ఆటలన్నీ ఒక్కొక్కటే నడిపాను. రెండు చోట్ల ఆగింది, రెండూ నా అక్షరదోషాలే. మూడోసారి ఒక పాత ఆట దగ్గర ఆగింది, అక్కడ నేను మొదట్లో తెలిసే వదిలేసిన 35వ ఆదేశం, 0ఎన్ఎన్ఎన్, ఎదురైంది. చిప్-8ను పక్కన పెట్టి, కాస్మాక్ వీఐపీలోని అసలు ప్రాసెసర్ 1802 భాషలో రాసిన చిన్న ప్రోగ్రామ్‌ను పిలవడం దాని పని. దాన్ని నడపాలంటే 1802ను కూడా అనుకరించాలి. ఎమ్యులేటర్లు చాలావరకు ఆ ఆదేశాన్ని చప్పుడు చేయకుండా దాటేస్తాయి, నేనూ దాటేసి ఉంటే ఆ ఆట ఏదో ఒక రకంగా నడిచి ఉండేది. దాటించలేదు. ఇప్పటికీ ఆ ఆట తెరిస్తే తెర ఆగి, ‘ఈ ఆదేశానికి 1802 కావాలి’ అన్న వరస, దాని పక్కన చిరునామా కనిపిస్తాయి. 1802 పుస్తకం బల్ల మీద ఉంది, మూడో అధ్యాయంలో ఉన్నాను.